జానెడు దూరం

మా ఊరి ప్రభుత్వ వడ్రంగ శిక్షణ కేంద్రంలో జరిగిన మొట్టమొదటి ప్రమాదంలో దెబ్బతిన్నది ఒక నిమ్మకాయ. అది కొబ్బరికాయ కాకపోవడం మా అందరి అదృష్టం.

కేంద్రానికి అప్పుడే కొత్తగా ఒక మైటర్ సా వచ్చింది. చెక్కని ఏ కోణంలో కావాలంటే ఆ కోణంలో కోసే కరెంటు రంపం. బల్ల మీద కూర్చుంటుంది. గుండ్రటి పళ్ల చక్రం, దాని మీద మూత, పట్టుకోవడానికి పిడి, పిడిలో మీట. మీట నొక్కి, చక్రం పూర్తి వేగం అందుకున్నాక పిడిని మెల్లగా దించితే చెక్క తెగుతుంది. అంతకుమించి దానికి ఏ ఆశయాలూ లేవు.

అది రావడానికి కారణం కృపావతి గారు. కేంద్రం ప్రహరీకి ఆనుకుని ఉన్న ఆడపిల్లల హాస్టలుకి ఆవిడ వార్డెను. హాస్టలు కిటికీలకి చువ్వలున్నాయి గాని తెరలు లేవు. వానలు పడగానే ఊళ్లో దోమలన్నీ అక్కడే బస చేస్తాయి. కిందటేడు సగంమంది పిల్లలు దుప్పట్లు కప్పుకుని జ్వరంతోనే పరీక్షలు రాశారు. ఈసారి వానలు పడేలోగా కిటికీలన్నింటికీ దోమతెర ఫ్రేములు బిగించాలని ఆవిడ పట్టుదల. ఫ్రేము మూలలు నలభై అయిదు డిగ్రీల్లో కచ్చితంగా కలవాలి. శిక్షకుడు పైడిరాజు చేతిరంపంతో ఒక ఫ్రేము చేసి చూపించాడు గాని, దాని మూలల్లోంచి దోమేమిటి, పిచిక కూడా దూరేలా ఉంది. అందుకని మిషను తెప్పించారు.

మా వాళ్లు ఆయుధపూజ మనుషులు. కొత్త సైకిలైనా, పాత గ్రైండరైనా బొట్టు పెట్టకుండా ముట్టుకోరు. పైడిరాజు రంపం మూత ఎత్తి కట్టి, పళ్ల చక్రానికి పసుపు రాసి, కుంకుమ దిద్ది, ఒత్తుగా కట్టిన బంతిపూల దండ వేసి, కింద నిమ్మకాయ పెట్టాడు. ముఖ్య అతిథి గారు హారతి కళ్లకద్దుకుని మీట నొక్కారు. దండ తీసి నొక్కాలని ఎవరికీ తోచలేదు. పూజలో వేసిన దండ పూజలోనే ఎవరు తీస్తారు?

తర్వాత రెండు క్షణాలు బంతిపూల వాన. లడ్డూల పళ్లెంలో, మైకులో, ముఖ్య అతిథి గారి జుట్టులో, ఎక్కడ చూసినా రేకులే. నిమ్మకాయ రెండు చెక్కలై, ఒక చెక్క ఆయన కళ్లజోడుకి అతుక్కుంది. గోడ మీంచి చూస్తున్న హాస్టలు పిల్లలు చప్పట్లు కొట్టారు. అది కార్యక్రమంలో లేదు.

మర్నాడే విచారణ సంఘం వేశారు. అధ్యక్షులు జిల్లా సురక్షాధికారి కోదండపాణి గారు. సభ్యులు పైడిరాజు, కృపావతి గారు, పౌర ప్రతినిధిగా నేను. నేను రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్ని. ఎక్కడికెళ్లారు, ఎప్పుడొస్తారు అని అడిగే మనిషి పోయి మూడేళ్లయింది. అలాంటివాడు సంఘాలకి బాగా పనికొస్తాడు.

కోదండపాణి గారు సన్నటి మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో చిన్న కత్తెర, కాయితం కవర్లు. మాట్లాడేముందు రెండు చేతులూ బల్ల మీద పరిచి పది వేళ్లూ ఉన్నాయో లేదో చూసుకుంటారు. వృత్తి వల్ల వచ్చిన అలవాటు కాబోలు.

"ప్రమాదానికి మూలకారణం నిర్ధారింపవలసి ఉన్నది" అన్నారు.

"దండ వల్ల కదండీ?" అన్నాను.

"దండ ముఖ్య అతిథి వారి గౌరవార్థం వేయబడినది మాస్టారూ. గౌరవం ప్రమాద హేతువు కాజాలదు."

"మరి నిమ్మకాయో?" అంది కృపావతి.

"నిమ్మకాయ బాధిత పక్షం. మూలకారణం సామీప్యం. మనుషులు యంత్రానికి దగ్గరగా ఉండుట చేతనే కదా రసం కళ్లజోడును తాకినది?"

మిషనుతో వచ్చిన పుస్తకంలో, చక్రానికీ చేతికీ మధ్య కనీసం జానెడు దూరం ఉండాలని రాసి ఉంది. ఆ దూరం స్వయంగా కొలుస్తానని కోదండపాణి గారు వర్క్‌షాపులోకి నడిచారు. బొటనవేలు చక్రం పళ్లకి ఆనించి, చిటికెనవేలు బల్ల మీద చాపి, "ఇదిగో, జానెడు" అన్నారు. అంటే, చెయ్యి చక్రానికి జానెడు దూరంలో ఉండాలని నిరూపించడానికి చెయ్యి చక్రానికే ఆనించారు.

పైడిరాజు ఒక్క ఉరుకులో వెళ్లి ప్లగ్గు పీకాడు. "కొలుసుకోండి బావూ, ఇప్పుడెంతసేపయినా కొలుసుకోండి" అన్నాడు, చెమట తుడుచుకుంటూ.

ఆయన చిటికెనవేలు ఆగిన చోట పసుప్పచ్చ రంగుతో గీత గీశారు. అక్కడితో ఆగితే కథ లేదు. వెనక్కి జరిగి, గీతని చూసి, ఆయన తల ఆడించారు.

"జానెడు సురక్షితమైనచో మూరెడు మరింత సురక్షితం కావలెను కదా?"

నేను ఆలోచించాను. ముప్ఫై ఏళ్లు పిల్లలకి తర్కం తప్పితే మార్కులు కోసినవాణ్ణి. ఎంత ఆలోచించినా అందులో తప్పు కనిపించలేదు.

గీత మూరెడు దూరానికి జరిగింది. ఆ మూర చాలదని మనిషంత దూరానికి జరిగింది. అప్పుడు ఒక చిన్న చిక్కు వచ్చింది. గీత అవతల నిలబడితే పిడి అందదు.

"మరెలగండీ కొయ్యడం?" అన్నాడు పైడిరాజు.

"తాడు" అన్నారు కోదండపాణి గారు.

పిడికి తాడు కట్టారు. తాడు కప్పీ మీంచి గోడ దగ్గరికి వచ్చింది. మీట తీసేసి, గోడకి స్విచ్చి పెట్టారు. చెక్క కదలకుండా బల్లకి బిగించారు. సవరించిన దూరానికి పునఃప్రారంభోత్సవం పెట్టారు. ముఖ్య అతిథి గారు కొత్త కళ్లజోడుతో వచ్చారు. పైడిరాజు చక్రానికి దండ వేశాడు.

"దండొద్దేమోనయ్యా" అన్నాను మెల్లగా.

"మొదటిసారి ఏసి రెండోసారి మానేస్తే బావుంటాదేటి మాస్టారూ? మిషనుకేటి తెలుస్తాది, అది అలగదూ?"

స్విచ్చి వేశారు. ఈసారి రేకులు గోడ దాటి వరండాలో పడ్డాయి. చెక్క మాత్రం తెగలేదు. ముఖ్య అతిథి గారు తాడు లాగడం మరిచిపోయి చప్పట్లు కొట్టారు.

కోదండపాణి గారు వరండాలో వంగి ఒక్కొక్క రేకూ కవర్లోకి ఏరారు. సాయంత్రానికి కొత్త నియమం వచ్చింది: పూరేకు పడిన చోటల్లా ప్రమాద పరిధి.

"శాస్త్రీయం" అన్నారు నా వైపు చూసి. ఫిజిక్స్ మనిషి మెచ్చుకోవాలని ఆయన ఆశ.

"దండే లేకపోతే రేకులే పడవు కదండీ" అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశారు. "దండ లేనిచో రేకులు ఎక్కడ పడునో తెలియదు. తెలియనిచో పరిధి ఎట్లు నిర్ణయింతుము? దండ మన కొలబద్ద, మాస్టారూ."

నేనింక ఏమీ అనలేదు. అనకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ వరండా అవతలే వీరన్న టీ బండి ఉండేది. పరిధి పెరిగేసరికి దాన్ని ఖాళీ చేయించి, మా ఇంటి గుమ్మం ఎదుట పెట్టించారు. మూడేళ్ల తర్వాత మా గుమ్మంలో పొద్దున్నే "టీ పెట్టమంటారా?" అన్న మాట వినిపించింది. సురక్షా శాఖ చేసిన మేలుని కాదనలేను.

తర్వాతి ప్రారంభోత్సవంలో తాడు కిటికీలోంచి ముంగిట్లోకి వచ్చింది. రేకులు రోడ్డెక్కాయి. ఆ తర్వాతిదానికి తాడు రోడ్డు దాటింది. తాడు లాగే సమయంలో బస్సులు ఆపాలని విజిలుతో ఒక మనిషిని పెట్టారు. బస్సులో కూర్చున్న ఒక ముసలాయన కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏటి బావూ, రథమా?" అని అడిగి, దండం పెట్టి, తాడు మీదికి చిల్లర విసిరాడు. అది చూసి ఇంకో నలుగురు విసిరారు. మర్నాటికి ఊళ్లో తాడు లాగితే పుణ్యమన్న మాట పుట్టింది. ముత్తైదువలు వరసలో నిలబడ్డారు. వాళ్లు ఒకేసారి లాగేసరికి రంపం మూత విరిగింది. కోదండపాణి గారు "యంత్రమునకు సైతం జనసామీప్యమే ముప్పు" అని రాసుకుని, పక్క జిల్లా నుంచి కొత్త మూత తెప్పించారు.

ఇంత జరిగినా ఒక్క చెక్క తెగలేదు. ఎందుకంటే మొదట బిగించిన చెక్క నమూనాల్లోకి పోయింది, ఇంకోటి పెట్టాలంటే ఎవరో ఒకరు పరిధిలోకి వెళ్లాలి. పూజకి తప్ప పరిధిలోకి వెళ్లడం నిషేధం.

కృపావతి ప్రతి సమావేశానికీ ఒకే మాట అనేది. "మబ్బులు పడతన్నాయి బావూ. నా కిటికీలు."

"కిటికీలు మా దృష్టిలో ఉన్నవి."

"దృష్టిలో ఉంటే దోమలు ఆగవు కదండీ. పిల్లలు దోమల్తో పాటే తొంగుంటన్నారు."

ఆషాఢం గాలి మొదలైంది. ఆ గాలిలో మరో ప్రారంభోత్సవం జరిగింది. ఈసారి రేకులేం ఖర్మ, ఒక బంతిపువ్వు పూర్తిగా ఊడి, ప్రహరీ దాటి హాస్టలు ముంగిట్లో పడింది. నీలవేణి అనే ఏడో తరగతి పిల్ల దాన్ని తీసి జడలో పెట్టుకుని గోడ మీంచి తొంగిచూసింది. చక్కగా ఉంది. ఆ మాట పైకే అన్నాను కూడా.

కోదండపాణి గారి మొహం పాలిపోయింది.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. హాస్టలు ప్రమాద పరిధిలోకి వచ్చినందున పిల్లల క్షేమం కోరి తక్షణం ఖాళీ చేయవలెను. వారిని మురుగుకాలవ ఒడ్డునున్న పాత ధాన్యం గోదాములోకి తరలించవలెను.

అంటే, దోమలు రాకుండా కిటికీలు చేయించమని అడిగినందుకు, ఆ కిటికీలు కోసే మిషను నుంచి కాపాడడానికి, పిల్లల్ని దోమల పుట్టింటికి పంపిస్తున్నారు. నేను ఆ ఉత్తర్వుని రెండుసార్లు చదివాను. ఎక్కడా తప్పు లేదు. ప్రతి మాటా దాని ముందు మాటలోంచే వచ్చింది.

అత్యవసర సమావేశం పరిధి బయట, మా ఇంటి అరుగు మీద జరిగింది. వీరన్న టీ ఇచ్చాడు. కృపావతి ముట్టుకోలేదు.

"ఆ గోదాంకి కిటికీల్లేవండీ. తలుపే ఉన్నాది. తలుపెదురుగుండా కాలవ. నా పిల్లల్ని అక్కడికెలగ పంపుతాను?"

"అమ్మా, భావోద్వేగములకు తావు లేదు. పూరేకు పడిన చోటల్లా..."

"తెలుసండీ, పరిధి. అయితే ఒకటడుగుతాను. పూరేకు గాలికెగిరి పడితేనే పరిధా? ఎలగొచ్చినా పరిధేనా?"

కోదండపాణి గారు నిటారుగా కూర్చున్నారు. నియమం గురించి ఎవరైనా నియమంగా అడిగితే ఆయనకి సంతోషం. "నియమంలో గాలి ప్రస్తావన లేదు. ఎట్లు చేరినను చేరినదే. మీ పిల్ల జడలోనికి గాలి పెట్టలేదు కదా, తానే పెట్టుకొన్నది."

"మరి మీరు కవర్లో ఏరుకుని పట్టుకెల్లిన రేకులో? అవిప్పుడెక్కడున్నాయండీ?"

"నమూనాలా? భద్రముగా ఉన్నవి. జిల్లా కార్యాలయంలో, నా బల్ల సొరుగులో..."

ఆయన ఆగిపోయారు.

వీరన్న టీ వడగట్టడం ఆపాడు. పైడిరాజు మొహం అటు తిప్పుకుని దగ్గాడు. అది దగ్గు కాదు.

ఇంకెవరైనా అయితే నమూనాలు వేరు, ప్రమాదం వేరు అని తప్పించుకునేవారు. కోదండపాణి గారు అలా చెయ్యలేదు. చాలాసేపు తన పది వేళ్లకేసి చూసుకున్నారు. తర్వాత లేచి, "నియమం అందరికీ ఒకటే" అని, బస్సెక్కి వెళ్లిపోయారు. ఆ మాట చెప్పి, దాని మీద నిలబడ్డవాణ్ణి అప్పటిదాకా నేను చూడలేదు. ఆ క్షణం నుంచి ఆయన మీద నాకు గౌరవం.

మర్నాటికి జిల్లా కార్యాలయం ఖాళీ అయింది. ఉద్యోగులందరూ బల్లలతో, కుర్చీలతో, ఫ్యాన్లతో రోడ్డు పక్క చేరారు. ఆఫీసు చుట్టూ పసుప్పచ్చ గీత. కంప్యూటర్లకి కరెంటు ఎదురుగుండా ఉన్న బట్టల కొట్లోంచి లాగారు. కొట్టువాడు పనిలో పనిగా ప్రచారం అవుతుందని తన చీరల బ్యానరు వాళ్ల నెత్తిన నీడకి కట్టాడు. రిజిస్టర్ల మీద మేక ఒకటి ఎంతో శ్రద్ధగా సంతకాలు నమిలింది. కోదండపాణి గారు అందరికన్నా దూరంగా, గొడుగు కింద, ఒక స్టూలు మీద కూర్చుని పని చేశారు. నమూనాల కవరు ముట్టుకున్న చేతులు తనవే కదా అని, తన చుట్టూ కూడా ఒక చిన్న గీత గీసుకున్నారు. జనం భోజనాల వేళ చూడ్డానికి వచ్చేవారు. ఈ హడావిడిలో హాస్టలు ఖాళీ చేయించేవాళ్లే లేకపోయారు.

తొలి జల్లు పడింది. ఫైళ్లు తడిశాయి. పై అధికారి గారు కారు దిగి, తడిసి ముద్దయిన ఫైళ్లనీ, మేకనీ, గొడుగునీ చూసి, కారు బానెట్టు మీదే ఉత్తర్వు రాశారు: పరిధి యథాపూర్వం, యంత్రంతో వచ్చిన పుస్తకంలో చెప్పినంత.

అంటే జానెడు.

ఉత్తర్వు తీసుకుని కోదండపాణి గారు స్వయంగా వచ్చారు. జలుబు చేసి ముక్కు ఎర్రగా ఉంది. వర్క్‌షాపులో తాడూ కప్పీ తీసేశారు. పిడిలో మీట మళ్లీ పెట్టారు. పైడిరాజు కొత్త మూత బిగించి, పైకీ కిందికీ ఆడించి చూసుకున్నాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు, చెవుల్లో దూది కుక్కుకున్నాడు. మణికట్టుకున్న మొక్కు తాడు విప్పి జేబులో వేసుకున్నాడు. లుంగీ మానేసి ఎవరిదో పాంటు వేసుకొచ్చాడు. గోడ మీద హాస్టలు పిల్లల తలలు వరసగా లేచాయి.

"పూజ?" అన్నారు కోదండపాణి గారు నీరసంగా. ఆయన చేతిలో బంతిపూల దండ. దార్లో కొనుక్కొచ్చారు. మనిషి అలవాటు పడ్డారు.

కృపావతి ఆ దండ అందుకుని, ఆయన మెళ్లోనే వేసింది. "అయిపోయిందండీ పూజ. మిషనుకి వొద్దు. మీరే మా ముఖ్య అతిథి."

ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. జలుబే కావచ్చు.

పైడిరాజు చెక్కని వెనక పలకకి ఆనించి, మొదటి మూల గుర్తు పెట్టుకుని, మీట మీద వేలు వేశాడు. సరిగ్గా అప్పుడు కోదండపాణి గారికి ఏదో గుర్తొచ్చింది. దండ ఊగుతూ ముందుకొచ్చారు.

"ఒక్క నిమిషం. మా ఇంటికి కూడా రెండు కిటికీలు ఉన్నవి. వెడల్పు నాలుగు జానలు..." అంటూ తన జాన ఎంతో చూపించడానికి ఆయన చెయ్యి చాపి, మొదటి రోజులాగే, బొటనవేలు చక్రానికేసి పెట్టబోయారు.

ఈసారి ప్లగ్గు పెట్టే ఉంది. పైడిరాజు కళ్లు గుర్తు మీదున్నాయి.

"సెయ్యి తియ్యి!"

కృపావతి అరుపుకి గోడ మీది తలలన్నీ ఒక్కసారి దిగిపోయాయి. అరుపుతో పాటే ఆవిడ ఆయన దండ పట్టుకుని వెనక్కి లాగింది. దండ తెగింది. చక్రం గుర్రుమంది. ఆయన చెయ్యి లాక్కోవడం, పిడి దిగడం, మూల తెగి పక్కన పడడం అన్నీ ఒక్క దమ్ములో అయిపోయాయి. పైడిరాజు మీట వదిలి, చక్రం పూర్తిగా ఆగేదాకా పిడి పైకెత్తకుండా నిలబడ్డాడు. అప్పుడు తల తిప్పి చూసి, జరగబోయిందేమిటో అర్థమై, వెళ్లి ప్లగ్గు పీకాడు.

కోదండపాణి గారు చెయ్యి మొహం ముందు పెట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే ముట్టుకున్నారు. అన్నీ ఉన్నాయి. చుట్టూ బంతిపూలు. ఈసారి రంపం చిమ్మినవి కావు.

లెక్క సరిపోయాక సన్నగా అన్నారు. "తమరు నన్ను ఏకవచనంలో సంబోధించినారు."

"సమించండి బావూ" అంది కృపావతి. "తమరు తమ సెయ్యిని దయసేసి అనేలోపు ఏలు పోతాదండి."

ఆయన తల ఆడించారు. వీరన్న టీ తెచ్చాడు. ఆయన రెండు చేతులతో, పది వేళ్లతో, ఆ గ్లాసుని చుట్టి పట్టుకున్నారు. వేడి తగ్గేదాకా తాగలేదు, వదల్లేదు కూడా.

ఆ రోజు చీకటి పడేలోగా హాస్టలు ఫ్రేములన్నీ తెగాయి. వారం తిరక్కుండా బిగించారు. కోదండపాణి గారి ఇంటి రెండు కిటికీలకీ కూడా చేశారు, టేపుతో కొలిచి. పెద్దవాన పడిన సాయంత్రం కృపావతి పిలిస్తే వెళ్లాను. దీపాల కింద పిల్లలు చదువుకుంటున్నారు. నీలవేణి లెక్క ఒకటి అడిగింది. చెప్పాను. దోమతెర అవతల దోమలు గుంపుగా వేలాడుతున్నాయి, ఒక్కటీ గీత దాటకుండా.

జిల్లా నుంచి కొత్త సురక్షా నియమావళి కూడా వచ్చింది. చాలా పేజీలుంది. కళ్లద్దాలు, మూత, వదులు బట్టలు, దండలు అన్నీ ఉన్నాయి. ఆఖర్న మాత్రం టైపు చేసింది కాదు, కోదండపాణి గారి చేతిరాత:

"చెయ్యి తియ్యమని ఎవరు అన్నను ముందు తియ్యవలెను. అన్నవారి హోదాయు, వారు అన్న తీరును తరువాత విచారింపవచ్చును."

పైడిరాజు ఆ పేజీ ఒక్కటే చింపి, కొత్త మిషను మీద కోసిన చక్కటి ఫ్రేములో పెట్టి, బల్ల ఎదుట గోడకి కొట్టాడు. నాలుగు మూలలూ కలిశాయి. దండ వెయ్యలేదు.